ఖాళీ యింటికి పన్ను



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారందురు. క్రొత్త యిల్లు కట్టుటకంటె పాత యింటిని విప్పి బాగుచేయుట యొక్కొక్కప్పుడు మరింత కష్టము. పైకప్పు దింపిన గృహస్థు వేరొకచోట అద్దె యిచ్చుకొనుచు, ఇచట వడ్రంగులకును తాపీపనివారికిని కూలి చెల్లించుచుండును. అట్టి సమయమున, కాపురము లేని ఆ యింటికి పన్ను కట్టుమన్నచో అది న్యాయమగునా? ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశము నాలుగువందల యేండ్లలో పరస్పర విరుద్ధములైన సమాధానముల నిచ్చినది. ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

1601వ సంవత్సరమున, ఎలిజబెత్ రాణి కాలమందు, ఆ దేశమున పేదల పోషణకై యొక చట్టము వెలువడెను. ప్రతి పారిషునందును, అనగా ఒక్కొక్క చర్చి క్రింది గ్రామ విభాగమునందును, పన్ను వసూలుచేసి బీదలను పోషింపవలెనని దాని యుద్దేశము. ఆ పన్ను భారము ఇంటిని అనుభవించువానిపై పడెను. ఊర కాపురమున్నవాడే ఊరి భారమును మోయవలెనని దాని తాత్పర్యము. తలుపు మూసిన యింటిలో అనుభవించువాడు లేడు గనుక పన్నును లేకుండెను. ఇల్లు పాడుపడినదా, బాగుచేయబడుచున్నదా యను విచారణకే అవసరము కలుగలేదు.

ఈ పద్ధతి మూడువందల అరువదియేండ్లకు పైగా సాగెను. 1966వ సంవత్సరపు చట్టము దీనిని మార్చి, కొన్ని మాసములు ఖాళీగానున్న కట్టడములపై సగము పన్ను విధించు అధికారమును స్థానిక సంస్థల కొసగెను. నాటినుండి పన్ను మనుష్యుని విడిచి యింటిని పట్టుకొనుట కారంభించినది.

1993వ సంవత్సరమున కౌన్సిల్ పన్ను అమలులోనికి వచ్చినప్పుడు శాసనకర్తలు కొంత దయ చూపిరి. పెద్ద మరమ్మతులు కావలసిన ఖాళీ యిండ్లకును, మరమ్మతులు జరుగుచున్న వానికిని పూర్తి మినహాయింపు దొరకెను. తరువాత దానికి 12 మాసముల గడువు నిర్ణయించిరి. 2013 ఏప్రిలు 1వ తేదీనుండి ఆ మినహాయింపును రద్దుచేసి, తగ్గింపు నిచ్చుటయు మానుటయు ఆయా కౌన్సిళ్ల యిష్టమునకు విడిచిరి. అందువలన ఒక పట్టణమున దొరకు తగ్గింపు పొరుగు పట్టణమున దొరకకపోవచ్చును.

అంతటితో నాగలేదు. రెండేండ్లు ఖాళీగానున్న యింటిపై అదనముగా సగము పన్ను వేయుటకు 2013లోనే అనుమతి కలిగెను. 2019లో ఆ యదనము మొత్తము పన్నుతో సమానమయ్యెను. 2024 ఏప్రిలునుండి ఒక్క యేడాది ఖాళీగానున్నను చాలును, రెట్టింపు పన్ను వేయవచ్చును. ఇండ్లు లేక జనులు అలమటించుచుండగా ధనికులు తమ యిండ్లకు తాళములు వేసి యుంచరాదని ఈ శాసనముల యాశయము. ఆశయము మంచిదే. కాని కూలిడబ్బు కూడబెట్టుకొని మెల్లగా గోడ లెత్తుకొను సామాన్యుడును ఆ తాళము వేసినవానితో సమానముగా లెక్కకు వచ్చెను. ఈ లోపమును కొంత సవరించుటకై, పెద్ద మరమ్మతులున్న ఖాళీ యిండ్లకు 12 మాసములవరకు అదనపు పన్ను ఉండరాదని 2025 ఏప్రిలునుండి నిబంధన చేసిరి. అసలు పన్ను మాట మాత్రము కౌన్సిళ్ల చేతిలోనే యున్నది.

మనకును ఇట్టి ధర్మము క్రొత్త కాదు. 1920వ సంవత్సరపు మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము, వరుసగా 30 దినములకు తక్కువ గాకుండ ఖాళీగానున్న కట్టడమునకు, యజమాని తెలియజేసినచో, పన్నులో సగమునకు మించని భాగమును తగ్గింప నిర్దేశించెను.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినది యొక్కటి. అనుభవించువానిని మాత్రమే చూచిన చట్టము, ఇంటిని పాడుపెట్టినవానిని వదలివేసెను. ఇంటిని మాత్రమే చూచిన చట్టము, బాగుచేయువానిని శిక్షించెను. ఖాళీ యిల్లు ఖాళీగా నెందుకున్నదో విచారించి, పనికి తగిన గడువిచ్చి, గడువు మీరినపిమ్మట పన్ను కోరుటయే ధర్మము. గృహస్థుడును పని మొదలుపెట్టుటకు ముందే అధికారులకు వ్రాతమూలముగా తెలిపి, పని సాగుచున్నట్లు ఆధారములు ఉంచుకొనుట మేలు. పన్ను వ్రాయు పెద్దలు ఆ యింటి వాకిలివరకు ఒకసారి నడచి చూచినచో, పెక్కు తగవులు అచ్చటనే తీరిపోవును.