తుపాకి మడమ: కఱ్ఱనుండి గాజునారకు



వర్షర్తువున మన యిండ్ల తలుపులు బిగిసి ద్వారబంధములలో పట్టవు. వేసవిలో నవియే సడలి సందులిచ్చును. నీటిని పీల్చి యుబ్బుట, ఎండకు కుదించుకొనుట కఱ్ఱకు సహజధర్మములు. ఈ ధర్మమే సైన్యముల తుపాకుల రూపమును మార్చినదన్న వింతగా తోపవచ్చును.

తుపాకిలో ఇనుప గొట్టమును మోయుచు, భుజమున కానించుకొను మడమవఱకు సాగు కఱ్ఱయే దానికి ఆధారము. పాశ్చాత్యులు చిరకాలము దీనికి అక్రోటు కఱ్ఱనే మేలైనదిగా నెంచిరి. అది చెక్కుటకు లొంగును, అదటున పగులదు, మిక్కిలి బరువును గాదు. తేమ సోకకుండ ఆంగ్ల సైనికులు దానికి అవిసెనూనె రుద్దుచుండెడివారు. నూనె తేమను ఆలస్యము చేయునే కాని ఆపజాలదు. జర్మనులు రెండవ ప్రపంచయుద్ధమునకు కొంచెము ముందుగా పలుచని చెక్కపొరలను జిగురుతో నతికించి మడమలు చేయసాగిరి. అవి కొంత నయము.

ఇందలి కీడెట్టిదో వినుడు. గొట్టము కఱ్ఱలోని గాడిలో నమరియుండును. కఱ్ఱ యుబ్బి గొట్టము నొకవైపు నొక్కెనా, నిన్న గుఱికి తగిలిన గుండు నేడు ప్రక్కకు పోవును. కాల్చువాని కంటను దోషము లేదు, చేతను దోషము లేదు. ఐనను ప్రాణము మీదికి వచ్చును.

అమెరికా మెరీను దళమువారు 1966లో తమ గుఱికాండ్రకై రెమింగ్టన్ 700 తుపాకిని ఎం-40 అను పేర గైకొనిరి. దాని మడమ అక్రోటు కఱ్ఱయే. వియత్నాం అడవుల తేమలో నా కఱ్ఱ యుబ్బి వంకరపోయెను. పిమ్మట 1970 తరువాతి యేండ్లలో వచ్చిన ఎం-40ఎ1కు గాజునార మడమ నమర్చిరి. గాజును సన్నని దారములుగా తీసి, గట్టిపడు రసాయనపు జిగురులో తడిపి, అచ్చులో పేర్చి చేయునది యిది. వాన కుబ్బదు, చెద పట్టదు. సామాన్యసైనికుల ఎం-16 తుపాకి మడమయు ప్లాస్టిక్కుతో చేసినదే.

అంతకు ముందే, 1959లో, రెమింగ్టన్ కంపెనీవారు నైలాను మడమ గల చిన్న తుపాకిని అమ్మకమునకు పెట్టిరి. మేజోళ్లు నేయు పదార్థము తుపాకికి పనికివచ్చునా యని సందేహించువారు సందేహింపగా, కంపెనీ మనిషి టామ్ ఫ్రై ఆ యేటనే అట్టి తుపాకులతో, గాలిలోని కెగురవేసిన 1,00,010 చెక్కముక్కలపై కాల్చి ఆఱింటిని మాత్రమే తప్పెను!

ఐతే కృత్రిమమైనదెల్ల మేలని తలపరాదు. చవుకగా, బోలుగా పోతపోసిన మడమ చేతి యొత్తిడికే వంగి గొట్టమును తాకును. విఱిగిన కఱ్ఱను వడ్రంగి యతికి నిలుపగలడు; విఱిగిన నైలానుకు క్రొత్తది తెప్పింపవలసినదే. అక్రోటు చారల యందమునకై ఇప్పటికిని కఱ్ఱ మడమనే కోరు వేటగాండ్రు కలరు. వారి యభిరుచిని నేను తప్పుపట్టను. వారు నెలల తరబడి వానలో పొంచియుండ నక్కఱలేదు గదా!