టైమింగ్ బెల్టు మార్పిడి: కూలింగ్ అతుకుల సీలింగ్

టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు విప్పిన వాటర్ పంపు, థర్మోస్టాట్, రబ్బరు గొట్టాల అతుకులను కూలెంట్ కారకుండా మళ్లీ బిగించే పని ఇది. ఈ బెల్టు క్రాంక్‌షాఫ్టు లయకు తగ్గట్టు క్యామ్‌షాఫ్టును తిప్పుతుంది. 2012లో మన దేశానికి వచ్చిన రెనో డస్టర్ 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేదీ అదే. మారుతి 800లో మాత్రం పంపుకు వేరే బెల్టు ఉంటుంది.

కారిన కూలెంట్ తగిలితే బెల్టు పాడై పళ్లు తప్పవచ్చు. అప్పుడు చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. అందుకే బెల్టు, పంపు కలిపి మార్చడం మేలు.

ఇంజన్ చల్లారాకే పని మొదలుపెట్టాలి. అల్యూమినియం గీరుకుపోకుండా పాత గ్యాస్కెట్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసి, అతుకు ముఖాన్ని నూనె, తడి లేకుండా తుడవాలి. ఓ-రింగుకు సాధారణంగా కాస్త కూలెంట్ రాస్తే చాలు. తయారీదారు సిలికాన్ పూయమన్న చోట సన్నని గీతే గీయాలి. ఎక్కువైతే లోపలికి పొంగిన ముద్ద ఊడి రేడియేటర్ గొట్టాలను మూసేయవచ్చు. బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించాలి. సిలికాన్ ఆరేదాకా కూలెంట్ పోయకూడదు.

నెల్లూరు–కడప దారిలోని బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; అలాంటి చోట కూలెంట్ కాస్త కారినా ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. లవణాలున్న బోరునీరు పోస్తే లోపల గార కట్టి, లోహాన్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోసి, గాలి బుడగలు తీసేయాలి.

బయటికి తీసిన పాత కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం; పశువులకూ కుక్కలకూ అందకుండా డబ్బాలో మూసి ఉంచాలి.