అమావాస్య కాదు, 65,535

రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు దగ్గర ఉండే మిత్రుడొకాయన అక్కడి ఒక తెలుగు సంఘానికి సభ్యుల రిజిస్టరు కంప్యూటర్లో చూస్తుంటాడు. పాత డేటాబేసుని కొత్త సర్వర్‌కి మార్చాక ఫోటోలు పాడయ్యాయి. కొన్నిట్లో నుదురూ కళ్ళూ కనిపిస్తాయి, ముక్కు కింద నుంచి అంతా బూడిదరంగు. కొన్ని అసలు తెరుచుకోవు. వాటిలో పోయిన పెద్దవాళ్ళవి ఉన్నాయి, కొందరి ఇళ్ళలో ఇంకో కాపీ కూడా లేదు. సంఘంలో రెండు సిద్ధాంతాలు బయల్దేరాయి. ఒకటి వైరస్. రెండోది, అమావాస్య నాడు సర్వర్ మార్చడం. చదువుకున్నవాళ్ళు మొదటిదాన్ని నమ్మి రెండోదాన్ని చూసి నవ్వారు. నా దృష్టిలో రెండూ ఒకే జాతివి. ఒక్క ఫోటో కూడా పరీక్షించకుండా చెప్పగలిగే జవాబులవి.

అమావాస్య పాడుచేస్తే అన్నిటినీ పాడుచేయాలి కదా? చిన్న ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. సగం కనిపించే ఫోటోల సైజు చూడమన్నాను. అన్నీ సరిగ్గా 65,535 బైట్లు! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

ఈ అంకెకి ఒక చరిత్ర ఉంది. డేటాబేసుల్లో బొమ్మల్లాంటి పెద్ద సరుకుని దాచే గడిని బ్లాబ్ అంటారు. అది ఏవో మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ పేరు పెట్టిన జిమ్ స్టార్కీ మాత్రం అలా కాదంటాడు. 1958లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో దొరికినదాన్నల్లా మింగే జిగురు ముద్ద పేరది. విస్తరణ తరవాతివాళ్ళు అతికించింది. స్థలపురాణాలు ఎలా పుడతాయో కంప్యూటర్ పుస్తకాల్లో కూడా చూడొచ్చన్నమాట.

మై ఎస్‌క్యూఎల్‌లో మామూలు బ్లాబ్ తన పొడవుని రెండు బైట్లలో రాసుకుంటుంది. రెండు బైట్లలో పట్టే పెద్ద అంకె 65,535. అంతకన్నా పెద్ద ఫోటో ఇస్తే పాతకాలపు సెట్టింగులో అది పట్టినంత మింగి, మిగతాది కోసి పారేసి, ఒక చిన్న హెచ్చరికతో సరిపెట్టేది. కోయకుండా తప్పు అని ఆగిపోయే పద్ధతి 2015లో వచ్చిన 5.7తో గానీ డిఫాల్టు కాలేదు. మావాడు పాత సెట్టింగులే మోసుకొచ్చి, కొత్త పట్టికలో మీడియం బ్లాబ్ బదులు మామూలు బ్లాబ్ పెట్టాడు. ఈ జేపెగ్ ఫోటోలు పైనుంచి కిందికి వరసగా రాసినవి, కాబట్టి ముక్కు దాకా మిగిలింది.

అసలు తెరుచుకోనివి ఇంకో రకం. వాటి సైజు తగ్గలేదు, పెరిగింది. జేపెగ్ ఫైలు 255, 216 అనే బైట్లతో మొదలవ్వాలి. ఇక్కడ 195, 191, 195, 152 ఉన్నాయి. అంటే మధ్యలో ఎవరో ఫోటోని లాటిన్ లిపిలో రాసిన ఉత్తరం అనుకుని యూటీఎఫ్-8లోకి మార్చారు. ఈ రోగం తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. మన 'అ' యూటీఎఫ్-8లో 224, 176, 133 అనే మూడు బైట్లు. వాటిని లాటిన్ అనుకుని చదివే ప్రోగ్రాములు తెలుగు ఉత్తరాన్ని పిచ్చిగీతల కింద మార్చడం మనం చూసిందే. అయితే ఇలా ఉబ్బిన ఫోటోని వెనక్కి మార్చొచ్చు. 239, 191, 189 పదేపదే కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి. అర్థంకాని ప్రతి బైటునీ చెరిపేసి దాని స్థానంలో పెట్టే ప్రశ్నార్థకం అది. ఏది చెరిగిందో ఇక తెలియదు.

ఇలాంటి ప్రమాదాలు ముందే ఊహించినవాళ్ళు పీఎన్‌జీ రూపకర్తలు. 1995లో వాళ్ళు ఆ ఫైలు మొదట్లో పెట్టిన ఎనిమిది బైట్లు చూడండి: 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఇది వినాయకుడి బొమ్మలా శుభానికి పెట్టింది కాదు. ఏడు బిట్లే మోసే పాత దారిలో వెళ్తే 137 కాస్తా 9 అవుతుంది. వాక్యాల చివరలు దిద్దే ప్రోగ్రాము చేతిలో పడితే 13, 10 జంట గానీ చివరి 10 గానీ మారిపోతుంది. 26 దగ్గర డాస్ తెరమీద చూపడం ఆపేస్తుంది. నన్ను ఎవరు పాడుచేశారో కనిపెట్టండి అని ఫైలే సాక్ష్యం మోస్తుంది. లోపల ప్రతి ముక్కకీ సీఆర్‌సీ అనే సరిచూసే అంకె వేరే ఉంది. మామూలు జేపెగ్‌కి ఆ ఏర్పాటు లేదు.

తెలీబంధాలో పాత డిస్కుని ఇంకా చెరపలేదు. గడి పెద్దది చేసి మళ్ళీ ఎక్కిస్తే సగం మొహాలు పూర్తిగా వచ్చాయి. ఉబ్బినవాటిని వెనక్కి మార్చారు. కొన్నిట్లో 239, 191, 189 పాత డిస్కులోనే ఉన్నాయి. అవి ఈ అమావాస్యకి ఎన్నో ఏళ్ళ ముందే పోయాయి, ఎవరూ తెరిచి చూడలేదు. ఇప్పుడు ప్రతి ఫోటో పొడవూ హాష్ విలువా వేరే పట్టికలో రాసి, తరలించాక మళ్ళీ లెక్కించి పోలుస్తున్నారు.