ఇండోనేషియా లక్కపిడతలు

“ఏమ్మా, ఏటికొప్పాకని ఇండోనేషియాలో ఎప్పుడు కలిపేశారు?”

2020 నవంబరు. మధ్యాహ్నం భోజనాల వేళ. ఫోను బెంగళూరు నుంచి. మాట్లాడుతున్నది ఓ పెద్దావిడ. మనవరాలి కోసం ఆన్‌లైన్‌లో లక్కపిడతలు తెప్పించుకున్నారు. పెట్టెలో వేసిన విజిటింగ్ కార్డు మీద నంబరు చూసి చేశారు.

“సరుకు చూసి మురిసిపోయాను. తీరా కొన్న పేజీ మళ్లీ తెరిస్తే, తయారైన దేశం ఇండోనేషియా అని ఉంది. మా పుట్టిల్లు తునమ్మా. నాకేనా టోపీ పెట్టడం?”

కోడలు కంచం ముందు నుంచి లేచిపోయింది.

(పేర్లు రాయొద్దన్నారు. కాబట్టి ఇందులో ఆమె కోడలు, లేతు ముందు కూర్చునే పెద్దాయన మావయ్య. మాటలు వాళ్లు గుర్తు చేసుకున్నంత మేరకు నేను కూర్చినవి.)

జరిగింది చాలా చిన్న పొరపాటు. ఆ జులైలో వినియోగదారుల రక్షణ చట్టం కింద ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. అమ్మకందారు పేజీలో ‘తయారైన దేశం’ గడి నింపందే సరుకు పైకి ఎక్కడం లేదు. గడి నొక్కితే దేశాల జాబితా జారుతుంది. ఇంగ్లిషు అక్షరాల వరసలో ఇండియా కిందే ఇండోనేషియా. పగిలిన గాజు ఉన్న ఫోను మీద వేలు ఒక్క వరస కిందకి జారింది. మూడు వారాలపాటు వరాహ నది ఒడ్డున పుట్టిన బొమ్మలు సముద్రం అవతలి పౌరసత్వంతో అమ్ముడుపోయాయి.

మావయ్యకి చెబితే ఆయన నవ్వలేదు. “ఏటమ్మా, మా తాత పట్టిన తరిమెన ఇక్కడ. కర్ర ఇక్కడ. ఊరు మారిపోడమేటి?” అని, మళ్లీ పనిలో పడ్డారు.

ఆ పని ఒకసారి చూడాలి. అంకుడు కర్ర తరిమెన, అంటే లేతు, మీద గిర్రున తిరుగుతుంటుంది. రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మీద మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు... రంగులన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే. ఒకప్పుడు రసాయన రంగుల వైపు ఒరిగిన ఊరిని మళ్లీ ఈ దారికి తెచ్చినందుకే సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే, 2017లో, ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

2020 దాకా ఈ ఇంటి సరుకు ఎగ్జిబిషన్లలోనే పోయేది. కరోనాతో అవి మూతపడ్డాయి. ఆగస్టు చివర్లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఏటికొప్పాక పేరెత్తడంతో ఊళ్లో ఫోన్లు మోగడం మొదలైంది. డిగ్రీ చదివిన కోడలు ఆన్‌లైన్ దుకాణం తెరిచింది అప్పుడే. బెంగళూరు ఫోను వచ్చాక దేశం గడి సరిచేసింది. పెద్దావిడకి క్షమాపణ చెప్పి, ఒక బొంగరం ఊరికే పంపింది. అక్కడితో అయిపోయిందనుకుంది.

2021 జనవరి మొదటి వారం. పొద్దున్నే ఫోను తెరిస్తే దుకాణం ఖాళీ. పదకొండు రకాల బొమ్మలూ మాయం. ‘నాణ్యతా ధ్రువపత్రం లేదు’ అని ఒక్క ముక్క.

ఆట వస్తువుల మీద ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఆ జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే ఏ వస్తువైనా దాని కిందకే వస్తుంది. చవకరకం ప్లాస్టిక్ బొమ్మల్ని ఆపడానికి వేసిన వల అది. అందులో లక్కపిడతలూ పడ్డాయి.

విశాఖలో ఇలాంటి ఖాతాలు నడిపిపెట్టే కుర్రాడొకడు ఉపాయం చెప్పాడు. “చాలా సింపుల్ అక్కా. ఆట వస్తువులు అని కాకుండా అలంకరణ వస్తువులు అని పెట్టెయ్. కింద ‘పిల్లల వాడకానికి కాదు’ అని ఒక లైను. రేపటికి లైవ్‌లో ఉంటావ్.”

కోడలికి బాగానే తోచింది. నిజానికి చాలామంది చేసేదీ అదే. స్పీకర్లో విన్న మావయ్య లేతు ఆపేశారు.

“లక్కపిడతలు గుంటలు ఆడుకోడానికి కాపోతే ఎందుకమ్మా? అద్దాల బీరువాలో ఎట్టి సూసుకోడానికా? నాను సేసింది ఆట వస్తువు. కాదని నా సేతో రాయించకు.”

తొమ్మిది రోజులు దుకాణం ఖాళీగానే ఉంది.

దారి ఆ ఉత్తర్వులోనే ఉంది. చేతివృత్తులవాళ్ల గోడు విని 2020 డిసెంబరులో దానికి ఒక సవరణ తెచ్చారు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు హక్కుదార్ల బొమ్మలకీ ఐఎస్‌ఐ గుర్తు అక్కర్లేదు. మావయ్యకి ఆ నమోదు చూపే పెహచాన్ కార్డు ఉంది. బియ్యం డబ్బా వెనక, రేషన్ కార్డుతో పాటు రబ్బరు బ్యాండు వేసి ఉంది. కోడలు ఫొటో తీసి పంపింది. రెండు రోజులకి జవాబు: తిరస్కరణ. కార్డు మావయ్య పేరున, దుకాణం కోడలి పేరున.

‘తయారుచేసి అమ్మే’ అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. చేసేవాడే అమ్మాలి. చివరికి మావయ్య పేరున కొత్త ఖాతా తెరిచారు. పాత ఖాతాతో పాటు కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలూ, రాసిన మంచి మాటలూ పోయాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ కోడలి గొంతు మారుతుంది. డబ్బు నష్టం చెప్పినప్పుడు మారలేదు.

మినహాయింపు దొరికింది కదా, ఇంక లేబుల్ గొడవ ఉండదనుకుంది. ఆ మాట తప్పని తేలింది సంక్రాంతి వెళ్లాక. ఎలమంచిలి నుంచి మావయ్యకి బావ వరసైన బంధువొకాయన చూడ్డానికి వచ్చారు. తూనికలు-కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, అరుగు మీద పేర్చిన పెట్టెల్లోంచి ఒకటి తీసి కళ్లజోడు సర్దుకున్నారు. ధర ముద్రించిన చోట తెల్లటి స్టిక్కరు. 650 అని. బొటనవేలి గోటితో అంచు గీకారు. కింద 550 బయటపడింది.

“ఎవరు వేశార్రా ఇది?”

“నేనే,” అన్నాడు మావయ్య చిన్నకొడుకు. “లక్క రేటు పెరిగింది కదా.”

“తగ్గించడానికైతే స్టిక్కరు వేసుకో. అప్పుడు కూడా పాత ధర కనబడాలి. పెంచడానికి వేశావో, అది నేరం. మొదటిసారి దొరికితే 25 వేల దాకా జరిమానా. మీ నెల సంపాదనెంత?”

ఎవరూ మాట్లాడలేదు.

“ఐఎస్‌ఐ గుర్తు వద్దన్నారు గానీ, పెట్టె మీద రాత వద్దని ఎవరూ అనలేదు బావగారూ. ఆ చట్టం వేరు, ఈ చట్టం వేరు.” 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు ఆయనకి సంధ్యావందనంలా నోటికొచ్చు. చేసినవాడి పేరు, పూర్తి చిరునామా. లోపల ఉన్న వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో లెక్క. అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర. చేసిన నెల, సంవత్సరం. ఫిర్యాదుకి ఫోను నంబరు. ఆన్‌లైన్ పేజీలో కూడా ఇవన్నీ కనబడాలి, చేసిన నెల ఒక్కటి తప్ప. కనబడేలా చూడటం ఆన్‌లైన్ అంగడివాడి పని. అవి నిజం కావడం మాత్రం సరుకువాడి పూచీ.

“మరి ఇదేమిటి? ఆరు పీసెస్?” బొంగరాల పెట్టె మీద ఆయన వేలు ఆగింది. “పీసెస్ కుదరదు. ఎన్ అని ఇంగ్లిషు అక్షరం వేయాలి. కాదంటే యు. ఆరు ఎన్.”

“ఆరు బొంగరాలంటే ఆరు బొంగరాలే కదేటి బావా!”

“చట్టానికి ఆరు ఎన్ బావగారూ.”

లక్కపిడతల సెట్టుకి ఇంకో తకరారు. లోపల అన్నీ ఒకే రకం కావు. పొయ్యి, కుండ, గరిటె, తిరగలి, రోలు... ఏవేవి ఎన్నెన్ని ఉన్నాయో విడివిడిగా రాయమన్నారు. కోడలు చాప మీద సెట్టు విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకుంది. గరిటె చేతిలోకి తీసుకుని ఆగింది. చిటికెన వేలంత కూడా లేదు. ఇంట్లో ఏడాదిన్నర పిల్లాడు అప్పుడే పాకుతూ వచ్చి దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

లాగి తీసి, లేబుల్లో ఇంకో వరస చేర్చింది: ‘మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వకండి. చిన్న ముక్కలు గొంతులో అడ్డుపడవచ్చు.’ ఈ వరస కోసం ఆమెను ఎవరూ అడగలేదు. మినహాయింపు ఇచ్చినప్పుడు ఐఎస్‌ఐ పరీక్షతో పాటు అందులో ఉండే ఈ జాగ్రత్త కూడా జారిపోయింది. నా మటుకు నాకు, ఆ లేబుల్ మొత్తంలో అసలైన వరస అదే.

అనకాపల్లిలో 400 లేబుళ్లు అచ్చు వేయించారు. ‘తయారీదారు’ అన్నచోట తన పేరు చూసి మావయ్య ఏమీ అనలేదట. ఇన్నేళ్లలో ఏ బొమ్మ మీదా ఆయన పేరు లేదు. ఒక లేబుల్ మాత్రం లేతు పక్క గోడకి అంటించుకున్నారు. నేను వెళ్లినప్పటికి రంపపు పొట్టు పట్టి పసుపు రంగుకి తిరిగింది.

2021 నవంబరులో కేంద్రం నిబంధన సవరించింది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్, యు అక్షరాలే రాయనక్కర్లేదు. పీసు, జత, సెట్టు అని మామూలు మాటల్లో రాసుకోవచ్చు. అప్పటికి 140 లేబుళ్లు మిగిలి ఉన్నాయి. కోడలు అవి అయిపోయేదాకా ఎన్ వాడింది. తర్వాత అచ్చు వేయించినప్పుడు పీసు అని మార్చింది.

2022 చివర్లో మళ్లీ బెంగళూరు ఫోను. పాత పెద్దావిడే, ఈసారి పెట్టె మీది ఫిర్యాదుల నంబరుకి.

“అమ్మా, మా మనవరాలు గరిటె తూములో పడేసుకుంది. రెండు రోజుల నుంచి వంట ఆపేసింది. ఒక్క గరిటె పంపిస్తారా?”

మావయ్య పది నిమిషాల్లో గరిటె తీసి ఇచ్చారు. పచ్చటి లక్క ఇంకా వెచ్చగానే ఉంది. కోడలు చిన్న అట్టపెట్టెలో దూది వేసి పెట్టి, పైన రాయడానికి పెన్ను తీసింది. ధర లేదు, అమ్మకం కాదు. కాసేపు ఆలోచించి, ‘ఉచితం. ఏటికొప్పాక, ఇండియా’ అని రాసింది.

భుజం మీదుగా చూస్తున్న మావయ్య అడిగారు.

“ఒకటి ఎన్ అని రాయవేటమ్మా?”