తెల్లవాఱకమునుపటి సాము

గ్రామపెద్దలారా,

సాముగరిడికి తీఱిక లేదని నేఁటి యువకులు పలుకుట మీరును వినియుందురు. సంగారెడ్డి జిల్లాలోని గుమ్మడిదల, బొంతపల్లి ప్రాంతముల కర్మాగారములలో వంతులవారీగాఁ బనిచేయువారికి రాత్రియుఁ బగలును నొక్కటియే. వారి మాట యసత్యము గాదు. అయినను, తీఱిక దొరకునదియా, కల్పించుకొనునదియా యను ప్రశ్నకు మన చరిత్రమున నొక చక్కని యుత్తరము గలదు.

శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు విజయనగర సామ్రాజ్యము నేలెను. ఉదయగిరి, కొండవీడు, 1520లో రాయచూరు: ఇట్లు యుద్ధముమీఁద యుద్ధము. దానికిఁ దోడు రాజ్యపాలనము, ఆముక్తమాల్యదా రచనము. ఇంతటి పనిభారము గలవాఁడు సాము నెప్పుడు చేసెను?

సుమారు 1520లో డొమింగో పేయస్ అను పోర్చుగీసు యాత్రికుఁడు విజయనగరమునకు వచ్చి, తాను కన్నదియు విన్నదియు వ్రాసియుంచెను. రాబర్టు సూయెల్ దొర దానిని 1900లో నాంగ్లమునఁ బ్రకటించెను. అందుఁ జెప్పినట్లు, రాయలు చీఁకటి యుండగనే నువ్వులనూనె త్రావి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితోఁ జేసిన బరువుల నెత్తును. పిదపఁ గత్తి చేతఁబట్టి, ఆ నూనె చెమటయై కాఱువఱకు సాముచేయును. ఒక జెట్టితోఁ గుస్తీ పట్టును. తుదకు గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు స్వారిచేయును. అటుపిమ్మట స్నానము, దేవపూజ, ఆ తరువాతనే రాచకార్యములు.

నూనె త్రావుట మన కనుకరణీయము గాదు. గ్రహింపవలసినది వరుస. పని ముగిసినపిదప మిగిలిన ప్రొద్దును రాయలు సామున కీయలేదు. సాము ముగిసినపిదపనే పనికిఁ గూర్చుండెను. సాధనములా, మట్టి బరువులు, ఒక కత్తి, ఒక తోడు.

అయితే రాయల ప్రొద్దు రాయల చేతిలోనిది. కార్మికుని ప్రొద్దు కర్మాగారపు గంట చేతిలోనిది. రాత్రియెల్లఁ బనిచేసి యుదయమున నిల్లుచేరినవానిని వేకువనే లేవలేదని మందలించుట న్యాయము గాదు. వానికి ముందు నిద్ర, నిద్ర లేచినపిదప మొదట సాము. గడియారము మాఱినను వరుస మాఱకుండినఁ జాలును.

ఇందు మన భాగమును గలదు. తాలింఖానా తలుపు వేకువనే తెఱచి మూసినచో సగము మందికి నది మూసినట్లే. ఉదయమున నొక యరగంట, సాయంకాలమున నొక యరగంట తెఱచియుంచి, రెండువేళల నొక పెద్ద యచట నుండవలయును. కఱ్ఱసాములోని యడుగులు పుస్తకమునఁ జదివి నేర్చునవి గావు. గురువు నడుగు చూచి శిష్యుఁ డడుగు వేయవలయును. పండుగనాఁటి యూరేఁగింపునకే యది పరిమితమైనచో, నేర్పినవారితోడనే విద్య వెడలిపోవును. నేర్వఁదగినవారు మన యూరనే యున్నారు. వారికిఁ దగిన వేళను మనమే యేర్పఱుపవలయును.