ముల్లర్ గారి నియమము



జార్జి ముల్లర్ గారి పేరు వినని విశ్వాసి మనలో అరుదు. ఎవరినీ డబ్బు అడగకుండా, ప్రార్థనతోనే వేలాది అనాథలను పోషించిన దైవజనుడని ప్రసంగాల్లో చెబుతుంటాము. ఆయన పాటించిన ఒక నియమము గురించి మాత్రం ఎక్కువగా చెప్పము.

ఆయన 1805లో ప్రష్యాలో పుట్టారు. చిన్నతనములో తండ్రి దగ్గర డబ్బు దొంగిలించేవారు. 14 ఏళ్ల వయస్సులో, తల్లి చనిపోయిన రాత్రి, ఆ సంగతి తెలియక పేకాటలో ఉన్నారు. 16 ఏళ్లకు జైలుకు వెళ్లారు. అలాంటి వాణ్ణి దేవుడు మార్చాడు.

1836లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ పట్టణములో, విల్సన్ వీధిలో ఒక అద్దె ఇంట్లో ఆడపిల్లల కొరకు అనాథగృహము తెరిచారు. 1870 నాటికి ఆష్లే డౌన్ కొండమీద ఐదు భవనాలు లేచాయి, సుమారు 2,000 మందికి చోటు దొరికింది. అదే 1836లో, ఆయన బావమరిది ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారితో పాటు బౌడెన్, బీర్ అనే దంపతులు మన దేశానికి వచ్చి, తరువాత గోదావరి డెల్టాలో సువార్త సేవ ప్రారంభించారు.

ముల్లర్ గారి నియమము ఇది: తల్లీ తండ్రీ ఇద్దరూ మరణించిన పిల్లలనే చేర్చుకొనేవారు. మనకు కఠినముగా తోస్తుంది. కానీ తల్లి ఉన్న బిడ్డను ఆయన అనాథ అని పిలవలేదు.

నేను పిలిచాను. కొన్నేళ్ల క్రితం ఒక విధవరాలు తన కొడుకును హాస్టల్లో చేర్పించమని అడిగితే, సీటు రావాలని సిఫారసు ఉత్తరములో "అనాథ" అని వ్రాశాను. సెలవులకు వచ్చిన ఆ పిల్లవాడు, "అయ్యగారూ, మా అమ్మ ఉంది గదా, అలా ఎందుకు రాశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లికి కావలసింది నెలకు కొంత బియ్యము, బడి ఖర్చు. సంఘముగా మనము ఇవ్వగలిగినదే. అడిగి చూడలేదు.

హన్నా సమూయేలును దేవుని మందిరములో విడిచినా, ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్లేది. బిడ్డ పెరిగిన కొలత ఆమెకు తెలుసు. హాస్టల్లో పిల్లలున్న తల్లిదండ్రులారా, మీ బిడ్డ కొలత మీకు తెలుసా? ఈ నెలలో ఒకసారి వెళ్లి చూడండి.

నిజముగా దిక్కులేని బిడ్డకు సంఘమే ఇల్లు కావాలి. తల్లి ఉన్న బిడ్డ విషయములో మొదట ఆ తల్లిని నిలబెట్టాలి. ఇకమీదట నా చేత్తో ఆ అబద్ధము వ్రాయను. మీరు కూడా నన్ను అడగవద్దు.

ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.