ఎదుట నిలిచి వ్రాయు చిత్రము: తెలుగునాట నీటిరంగుల చరిత్రము

మన భాషలో కవియు వ్రాయును, చిత్రకారుడును వ్రాయును. ఒక్క క్రియాపదమే రెండు విద్యలకును చెల్లుట యాదృచ్ఛికము కాదని నాకు తోచుచున్నది. పూర్వకాలమున ఉభయులును శాస్త్రము చెప్పిన లక్షణమును మనస్సున నిలుపుకొని, భావించి, పిమ్మట వ్రాసినవారే. ఎదుటనున్న తోటయు, ఎదుటనున్న గోపురమును, ఆ పూట వెలుగులో ఎట్లు కానవచ్చునో అట్లే కాగితముపై దింపుట వేఱొక విద్య. ఆ విద్య తెలుగునాట ఎవరివలన, ఏ ప్రయోజనమునకై ప్రవేశించెనో, దానివలన మనకు దక్కిన దేమో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ప్రబంధముల నెఱిగినవారికి ఉద్యానవర్ణన మెట్లుండునో చెప్పనక్కఱలేదు. పురము, సముద్రము, శైలము, ఋతువు, చంద్రోదయము మొదలగువానితోపాటు ఉద్యానమును గూడ ఆలంకారికులు కావ్యమునకు వలయు వర్ణనలలో చేర్చిరి. ఆ తోటలో మావి చిగుర్చును, పొన్న పూచును, మొల్లలు విరియును, సంపెంగలు గుబాళించును; అన్నియు నొక్కనాడే. స్త్రీ పాదతాడనముచే నశోకము పుష్పించును. ఇది దోషము కాదు, కవిసమయము. విష్ణుధర్మోత్తరపురాణములోని చిత్రసూత్రము చిత్రకారునకును ఇట్టి సమయములనే బోధించుచున్నది. చంద్రతారకలచేతను, నిద్రించు జనులచేతను రాత్రిని సూచింపవలయునని అందు కలదు. ప్రకృతిని శ్రద్ధతో చూడనివారికి ఇట్టి సూత్రములు పుట్టవు. కాని సూత్రము పుట్టిన పిమ్మట, వెనుకటివారు చూడకయే వ్రాయుటకు వీలు కలుగును. లేపాక్షి మండపపు కప్పులమీద పదునాఱవ శతాబ్దమున వ్రాసిన చిత్రములలో చీరల యంచులును నగలును మిక్కిలి సూక్ష్మముగ నున్నవి. చెట్టు మాత్రము చెట్టను పేరునకు గుఱుతుగా నిలిచియుండును.

ఎదుట నిలిచి వ్రాయు నలవాటు మన దేశమునకు కళగా రాలేదు, కొలతగా వచ్చెను. 1794లో మైకేల్ టాపింగు చెన్నపట్టణమున సర్వే పాఠశాలను నెలకొల్పి, బాలురకు భూమిని కొలుచుటయు పటములు గీయుటయు నేర్పించెను. ఆ కాలమునకు ఆంగ్లదేశమున నీటిరంగులు ప్రయాణమున కనువైన రూపమును పొందియుండెను. విలియం రీవ్సు, థామస్ రీవ్సు అను సోదరులు చేసిన గట్టి రంగుబిళ్లలకు 1781లో లండనునందలి కళాసంఘము బహుమాన మిచ్చెను. అంతకు ముందు చిత్రకారుడు రంగును నూరి, జిగురు కలిపి, తానే సిద్ధపఱుచుకొనవలసియుండెను. బిళ్లలు వచ్చిన పిమ్మట చిన్నపెట్టె, కుంచె, చెంబెడు నీళ్లు, కాగితము ఉన్న చాలును. తైలవర్ణములవలె దినముల తరబడి ఆరుటకై వేచియుండ నక్కఱలేదు. కనుకనే సైనికాధికారులును సర్వేయరులును దీనిని చేపట్టిరి.

ఈ కొలతవిద్య తెలుగువారికి చేసిన మహోపకార మమరావతియందు కానవచ్చును. కాలిన్ మెకంజీకి శాసనములును గ్రామచరిత్రములును సేకరించుటలో కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు చేసిన తోడ్పాటు పండితు లెఱిగినదే. అతని సంచయమున వ్రాతప్రతుల ప్రక్కనే చిత్రములును కలవు. వానిని మనము తక్కువగా తలచితిమి. మెకంజీ పదునెనిమిదవ శతాబ్ది చివర అమరావతి దిబ్బను తొలిసారి చూచెను. 1815లో అతడు భారతదేశమునకు సర్వేయర్ జనరలయ్యెను. 1816లో మరల వచ్చి చూచునప్పటికి దిబ్బ నడుమ చెఱువుగా త్రవ్వబడియుండెను. పాలఱాతి పలకలు కట్టడములకై తరలిపోవుచుండెను. అప్పుడతని చిత్రలేఖకు లచ్చట కూర్చుండి, మిగిలిన పలకలను కొలిచి, స్తూపపు నేలపటమును గీసి, శిల్పములను వ్రాసిరి. ఆ చిత్రముల సంపుటము నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అందు వ్రాయబడిన పలకలలో కొన్ని తరువాత ఎచ్చటను కానరాలేదు. రాయి పోయినది, కాగితము నిలిచినది. వేయేండ్లకుపైగా నిలుచుటకై చెక్కిన శిల్పమునకు, నీటిలో కలిపిన రంగు సాక్షి యయ్యెను.

ఆ చిత్రలేఖకులు కొలత తప్పకుండ వ్రాసిరి; అదియే వారి ధర్మము. చూచిన వస్తువును కొలతతోపాటు అనురాగముతో వ్రాయుట తెలుగు యువకులకు రాజమహేంద్రవరమున అలవడెను. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 మొదలు 1919 వఱకు అచ్చటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన స్వయముగా నీటిరంగులతో ప్రకృతిని వ్రాయువాడు. తన చుట్టునున్న నదిని, గుడిని, ఇంటిని, మనుష్యులను చూచి వ్రాయుడని శిష్యులను ప్రోత్సహించెను. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వేంకటరత్నము ఆయన యాదరమును పొందినవారే. రామారావును ఆయన అజంతాకు తీసికొనిపోయెను. 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపుటకు కారకుడయ్యెను. చదువు ముగించి తిరిగివచ్చిన రామారావు పురాణకథలను ఎంత మక్కువతో వ్రాసెనో, తూర్పుకనుమల నడుమ గోదావరిని అంత మక్కువతోనే వ్రాసెను. రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి తన విద్యను పదుగురకు పంచెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి సోకి మరణించునప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. ఆ స్వల్పకాలమున వ్రాసిన చిత్రములు ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపఱుపబడినవి.

తెలంగాణమున ఈ విద్య అజంతా మార్గముననే వచ్చెను. నాడు అజంతా నైజాము రాజ్యములోనిది. 1844 మొదలుకొని రాబర్ట్ గిల్ అచ్చటి కుడ్యచిత్రములకు వ్రాసిన ప్రతులలో పెక్కు 1866లో లండను క్రిస్టల్ పాలెసునందలి అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. ఒక్కని చేతిలో నొక్క ప్రతి మాత్రమే యుండుట యెంత యపాయమో దీనివలన తెలియును. 1909 మొదలు 1911 వఱకు క్రిస్టియానా హెరింగ్‌హాం ఆ పనికి మరల పూనుకొన్నప్పుడు హైదరాబాదునుండి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ కాజీ, వంగదేశమునుండి నందలాల్ బోస్ మొదలగువారు తోడ్పడిరి. ఆ నందలాలే పిమ్మట శాంతినికేతనమున, చేత చిన్న కాగితపు ముక్క లేక బయటికి పోరాదని శిష్యులకు నేర్పిన గురువు. వరంగల్లు ప్రాంతమున 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావు ఆయనయొద్ద అభ్యసించి, హైదరాబాదున చిత్రకళను బోధించి, తెలంగాణపు బండరాళ్లకు చిత్రములలో గౌరవస్థాన మొసగెను. ఆయన 2012లో స్వర్గస్థుడయ్యెను.

ఇక మా పరిగి ప్రాంతమునకు వత్తును. 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోని ఈ సీమకు అమరావతివంటి స్తూపము లేదు. కాని అనంతగిరిమీద పద్మనాభస్వామి యాలయమును, కోనేరును, చుట్టును అడవియు కలవు. మూసీనది యచ్చటనే పుట్టుచున్నది. తాండూరు నాపరాయి పఱచిన అరుగులును, తుప్పువన్నె రాతి గోడలును, నల్లరేగడి చేల నడుమ పాత బురుజులును ఊరూర కానవచ్చును. ఇవియన్నియు వ్రాయదగినవే. మన బాలుని చెట్టు వ్రాయుమన్నచో, కిటికీలోనుండి కనబడు వేపను చూడడు. ఒక కఱ్ఱకు పైన మేఘమువంటి గుండ్రమును గీయును. వానిదియు కవిసమయమే. దానిని మాన్పించుటకు బయటికి తీసికొనిపోవుట యొక్కటే యుపాయము.

బయట వ్రాయుటకు కాలనియమము ముఖ్యము. మా యెండలో కాగితముపై పూసిన రంగు క్షణములో నారిపోవును. కనుక ప్రాతఃకాలమే తగినది. నీడపట్టున కూర్చుండి, కాగితముపై ఎండ పడకుండ చూచుకొనవలయును. లేకున్న ఆ మిఱుమిట్లలో రంగు తేలికయో చిక్కనయో తెలియదు. తొలుత కంటిమట్టమున నొక యడ్డగీతను నిర్ణయింపవలయును. కంటికంటె ఎత్తుననున్న గోడ యంచులు దూరమునకు పోవుకొలది దిగుచున్నట్లును, తక్కువనున్న మెట్ల యంచులు ఎక్కుచున్నట్లును ఆ గీతవద్దకే చేరును. చేయి చాచి, ఒక కన్ను మూసి, కుంచె కాడతో గోపురపు టెత్తును వెడల్పుతో పోల్చి కొలువవలయును. పిమ్మట నీడల యంచులను గుఱుతింపవలయును. రెండు గడియలలో సూర్యుడు వానిని మార్చివేయును. మొదట పెట్టిన నీడనే చివరవఱకు నమ్మినవాని చిత్రమున వెలుగు నిలుచును. మారినకొలది మార్చినవాని చిత్రమున ఏ పూటయు నుండదు.

నీటిరంగులలో తెలుపు కాగితమే. సున్నపు గోడను తెల్లగా వ్రాయుట యనగా దానిని తాకకుండుటయే. ప్రక్కనున్న నీడ దానిని తెల్లగా చూపును. లేతరంగు ముందు, చిక్కనిరంగు వెనుక. ఒకసారి ముదిరినదానిని తిరిగి లేత చేయుట కష్టము. చెట్టును ఆకు లెక్కింపక, ముందు మొత్తముగా, వెలుగు పక్షము, నీడ పక్షమని విభజించి, అంచున మాత్రము కొన్ని యాకులను చూపవలయును. వ్యాకరణమువలె ఇందును వదలదగినదానిని వదలుటయే కఠినము.

ఛాయాగ్రాహకయంత్రము ప్రతివాని చేతిలో నుండగా ఇంత శ్రమ యేల యని యడుగవచ్చును. యంత్రము క్షణములో అంతయు గ్రహించును. పట్టినవాడు దేనిని చూచెనో చెప్పలేము. రెండు గడియలు కోనేటి యెదుట కూర్చున్న బాలుడు, ఏ మెట్టు విఱిగినదో, ఏ స్తంభమునకు నిన్నమొన్న సిమెంటు పూసిరో, ఏ చెట్టు వేళ్లు గోడలోనికి చొచ్చినవో జన్మమంతయు మఱువడు. అట్టివాడు పెద్దవాడై ఆ గుడిని పడగొట్టుట కంత సులభముగ సమ్మతింపడు. అమరావతిలో చిత్రలేఖకులు వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువయ్యెను. మన యూళ్లలో ఇంకను మిగిలినవి కలవు. పాఠశాలా పండితులు సంవత్సరమున కొక్కనాడైనను పిల్లలను రంగుపెట్టెలతో తమ యూరి పాతగుడి యెదుట కూర్చుండబెట్టి, ఆ చిత్రములపై తేదియు స్థలమును వ్రాయించి, పాఠశాలలో భద్రపఱుతురుగాక. అందు పెక్కు చిత్రములు వంకరగా నుండును. అయినను, రాయి పోయిననాడు ఆ వంకర గీతయే మనకు శాసనము.